వెనక నుంచి పిలిస్తే

పాల సీసా మూత బల్ల మీద గిర్రున తిరిగి తిరిగి, అలసిపోయి పడుకుంది. అది ఆగేదాకా ముగ్గురూ దాన్నే చూశారు.

అత్తగారు పాల దుకాణం నుంచి వచ్చి ఇంకా చెప్పులైనా విప్పలేదు. అక్కడ పక్క వీధి నర్సమ్మ కలిసిందట. పసిపిల్లలను పగటిపూట తన ఇంట్లో ఉంచుకుని చూసే ముసలి నర్సు ఆవిడ. సోమవారం నుంచి మీ మనవరాలు మా ఇంట్లోనే కదా, దుప్పటి మీరే పంపుతారా, మా దుప్పట్లో పడుకోబెట్టమంటారా అని అడిగిందట. సంగతంతా చెప్పి అత్తగారు కోడలి ముఖంలోకి సూటిగా చూసింది. ఎవరితో మాట్లాడినా ఆవిడ చూపు అంతే, మేకు దిగేసినట్టు ఉంటుంది.

"నువ్వే వెళ్ళి చెప్పావా?"

"నేనే చెప్పాను అత్తయ్యా."

అత్తగారు తల ఊపింది. కోపం వస్తే బాగుండేదనిపించింది కోడలికి. కోపమైతే దానికో మొదలూ చివరా ఉంటాయి. ఆవిడ మాత్రం చెప్పులు విప్పి, వాటిని గోడ వారగా జతగా పెట్టి, పాలు కాచడానికి పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.

భర్త ఒక కాలికి బూటు తొడుక్కుని, రెండోది చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. అతను బస్సు నడుపుతాడు. ఇంకో అరగంటలో డిపోలో ఉండాలి. ఇంట్లో బావి పెట్టుకుని పక్కింటికి చెంబు పట్టుకెళ్ళినట్టుంది నీ పని అన్నాడు నవ్వుతూ. ఆ నవ్వు ఎవరూ అందుకోకపోయేసరికి అదే చల్లారిపోయింది.

ఊయలలో పిల్ల మేలుకునే ఉంది. ఐదు నెలల పిల్ల. పుట్టిన దగ్గర్నుంచి గుప్పిళ్ళు విప్పదని ముద్దుగా పిడికిలి అంటారు. కిటికీ రెక్కలోంచి పడ్డ ఎండముక్క ఊయల కర్ర మీద అటూ ఇటూ ఊగుతుంటే, పిల్ల కళ్ళు కూడా దాని వెంట ఊగుతున్నాయి. ఇంట్లో జరుగుతున్న గొడవంతా తన గురించేనని దానికేం తెలుసు.

సోమవారంతో కోడలి సెలవు తీరిపోతుంది. బట్టల మిల్లులో అద్దకం గదిలో, ఉత్తరపు కిటికీ కింద ఆమెకొక ఎత్తు పీట ఉంది. కొత్తగా రంగు వేసిన నూలును నమూనా పక్కన పెట్టి చూసి, చాయ కలిసిందో లేదో చెప్పడం ఆమె పని. ఆమె ఊ అంటేనే తొట్టిలో మిగతా నూలు దిగుతుంది. సోమవారం ఆ పీట మీద మనిషి కనబడకపోతే వేరే మనిషిని కూర్చోబెట్టుకుంటామని మేస్త్రి రెండుసార్లు కబురు పెట్టాడు. ఆ పీట దొరకడానికి ఆమెకు ఏడేళ్ళు పట్టింది. మళ్ళీ తొట్ల దగ్గర బూట్లేసుకుని నిలబడి మొదలుపెట్టే ఓపిక లేదు.

కాబట్టి పిల్లను ఎవరి దగ్గర వదలాలన్నది తేలాలి. ఇవాళ గురువారం.

అతనికి ఇందులో తేలవలసింది ఏమీ కనబడలేదు. కన్నతల్లి లాంటి నాయనమ్మ ఇంట్లో ఉండగా పరాయి ఇంటి గడప తొక్కించడం ఎందుకన్నాడు. ఆమె జవాబు చెప్పకపోతే గొంతు తగ్గించి అడిగాడు. ఇంకా తగ్గించి, బూటు వైపే చూస్తూ, పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఎప్పుడూ చెప్పని మాట ఒకటి చెప్పాడు. తనకు ఐదేళ్ళప్పుడు తండ్రి పోయాడు. అమ్మ మిల్లులో మగ్గం పనికి కుదిరింది. తనను మిల్లు వెనకున్న పిల్లల గదిలో వదిలేది. ఆ గదికి ఇనుప జాలీ గేటు. ఆ జాలీలో వేళ్ళు దూర్చి, వెళ్ళిపోతున్న అమ్మను పిలిచేవాడు.

"ఎంత పిలిచినా తిరిగి చూసేది కాదు. ఒక్కసారి కూడా. నా కూతురు ఎవరి గేటూ పట్టుకుని అలా నిలబడటం నాకు ఇష్టం లేదు."

అత్తగారు పాలగిన్నె మీదికి వంగి, పైకి తేలుతున్న మీగడను చూస్తోంది.

ఇంతకుముందే చెప్పి ఉండవలసిన మాట కోడలి నాలుక మీదికి వచ్చింది. పది రోజులుగా దాన్ని మింగుతోంది. ఆ రోజు వంటగదిలో తడి చేతులతో ఉండగా పిల్ల ఏడుపు అందుకుంది. ఊయలకు రెండు చేతుల దూరంలో అత్తగారు దానికి వీపు పెట్టి కూర్చుని పిల్ల బట్టలు మడతపెడుతోంది. లేస్తుందిలే అని కోడలు ఆగి చూసింది. పిల్ల గుక్కపట్టింది. అత్తగారు ఇంకో బట్ట తీసుకుంది, అంచులు కలిపింది, మడిచింది. మరొకటి తీసుకుంది. ముఖంలో ఎంత శాంతమంటే, మధ్యాహ్నపు ఎండలో చెరువులా ఉంది. మొన్న మళ్ళీ అలాగే జరిగింది. ఆ మర్నాడే కోడలు నర్సమ్మ ఇంటి మెట్లెక్కింది.

"పిల్ల ఏడుస్తుంటే అత్తయ్య లేవరు," అంది కోడలు. "నేను రెండుసార్లు చూశాను. వెనక పిల్ల గుక్కపట్టి ఏడుస్తున్నా కదలరు. ఆవిడ మనసు రాయి అని నేననను. కానీ ఆ మనసుకు నా పిల్లను అప్పగించలేను."

ఆ మాట అన్నాక గది చిన్నదైపోయినట్టయింది.

అతను తల్లి వైపు చూశాడు. అత్తగారు పొయ్యి కట్టేసి, గిన్నె దించి, చేయి తుడుచుకుంది. ఇటు తిరగలేదు. కాదని అనలేదు. ఆ వీపును చూసి అతను, ఎంత పెద్ద మాట పడ్డా అమ్మ ఓర్చుకుందనుకున్నాడు. కోడలు, ఒప్పుకుందనుకుంది. ఒక్క వీపు ఇద్దరికీ రెండు జవాబులు చెప్పింది.

చివరికి అతనే ఒక దారి చెప్పాడు. సెలవు ముగింపు కాగితం మీద సంతకానికి నువ్వు ఇవాళ మిల్లుకు వెళ్ళాలి కదా, పిల్లను అమ్మకు వదిలి వెళ్ళు. ఒక్క పూట. తిరిగొచ్చి పిల్ల ముఖం చూడు. అప్పటికీ నర్సమ్మే కావాలంటే నేను నోరెత్తను. ఇంత చెప్పి రెండో బూటు తొడుక్కుని వెళ్ళిపోయాడు. గుమ్మం దాటుతూ అమ్మా వెళ్ళొస్తానన్నాడు. జవాబు రాలేదు. అలిగిందిలే అన్నట్టు భార్య వైపు చూసి మెట్లు దిగాడు.

*

పిల్లకు కడుపునిండా పాలిచ్చి, నిద్రపుచ్చి, కోడలు బయల్దేరింది. అత్తగారు ఊయలకు కట్టిన నూలుతాడు రెండో కొసను తన మణికట్టుకు చుట్టుకుని కూర్చుంది. మొదటి నెల నుంచీ అదే పద్ధతి. పిల్ల కదిలితే తాడు లాగుతుంది. ఇంటికొచ్చిన వాళ్ళంతా ఆ తెలివిని మెచ్చుకునేవాళ్ళు. మిల్లులో ముప్పై ఏళ్ళు పనిచేసిన మనిషికి తాడూ దారమూ అంటే ప్రాణం మరి అనేవాళ్ళు. మగ్గం మీద ఇటూ అటూ పరుగెత్తే నాడె ఉంటుంది కదా, అక్కడ ఆవిడను ఆ పేరుతోనే పిలిచేవాళ్ళట. నాడెమ్మ.

ఐదు నెలల తర్వాత కోడలు ఒంటరిగా వీధిలో నడిచింది. చేతులు తేలికగా ఉండి ఏం చేసుకోవాలో తెలియలేదు. పిల్ల బరువుకు అలవాటుపడ్డ భుజం ఒకటి కాస్త వంగే ఉంది. రాత్రుళ్ళు తెగి తెగి పడే నిద్ర వల్లనో ఏమో, వీధంతా నీళ్ళలోంచి చూస్తున్నట్టు ఉంది. ఎదురొచ్చే మనుషులు ముందు రంగులుగా వచ్చి, తర్వాత మనుషులవుతున్నారు. గొడుగు బాగుచేసేవాడి అంగడి ముందు నల్లగొడుగులు వేలాడుతుంటే, ఆ నలుపులో ఒకటి నీలంలోకి, ఒకటి మట్టిరంగులోకి జారుతున్నట్టు ఆమె కళ్ళకు తెలిసిపోయింది. చూపు పోలేదన్నమాట అనుకుంది.

నర్సమ్మ ఇంటి ముందు నుంచే దారి. కిటికీలో వరసగా ఆరబెట్టిన చిన్న చిన్న దిండ్లు కనిపించాయి. తను మాట్లాడడానికి వచ్చిన రోజు ఆవిడ గొప్పలేమీ చెప్పుకోలేదు. ఇల్లు చూపించింది, పిల్లలు పడుకునే చాప చూపించింది, ఇంకొక్కరికే చోటుందంది. కోడలు ఒకటే అడిగింది, పిల్లలు ఏడిస్తే ఏం చేస్తారని. దానికి ఆవిడ చెప్పిన జవాబు ఇంకా చెవిలో ఉంది.

"నా దగ్గర పిల్లలు ఏడవరని చెప్పను తల్లీ. ఏడుస్తారు. ఏడిస్తే నేను లేస్తాను. అంతకన్నా నాకేమీ రాదు."

మిల్లులో మేస్త్రి కాగితం ముందు పెట్టాడు. సంతకం చేసింది. ఊరికే పంపించడానికి ఇష్టం లేక అతను ఒక ఆకుపచ్చ నూలు చిలపను, దాని నమూనాను తెచ్చి ఉత్తరపు కిటికీ దగ్గర ఆమె చేతిలో పెట్టాడు. ఆ పీట ఎక్కి కూర్చుని రెండింటినీ వెలుగులో పట్టుకుంది. తల్లి కాకముందు ఆమె చూసే ఆకుపచ్చ ఒకటే. ఇప్పుడు ఆ ఆకుపచ్చ అడుగున చాలా దూరంలో ఒక పసుపు, నిద్రలో నవ్వే పిల్ల పెదవంత పసుపు, కదులుతున్నట్టు అనిపించింది. పసుపు ఒక చిటికెడు ఎక్కువైంది, ఇంకొకసారి నీలంలో ముంచండి అంది. మేస్త్రి ముక్కు మీది కళ్ళజోడు సర్దుకుని, పిల్లను కంటే చూపు మందగిస్తుందని మా ఆవిడ చెబితే నమ్మాను చూడు అన్నాడు.

ఇంటికి త్వరగా చేరాలని ఆమె అద్దకం గది వెనక గుమ్మంలోంచి మగ్గాల షెడ్డులోకి అడుగుపెట్టింది. అడ్డదారి అది. మామూలుగా ఆ దారిన ఎవరూ రారు. లోపల రెండు వందల మగ్గాల చప్పుడు. చెవులతో వినేది కాదు అది. నేలలోంచి కాళ్ళలోకి, కాళ్ళలోంచి పళ్ళలోకి ఎక్కుతుంది. ఆ చప్పుడులో గాలిలో తేలే దూది నెమ్మదిగా, ఏ తొందరా లేనట్టు దిగుతోంది. ఆడవాళ్ళు మగ్గాల మధ్య కబుర్లాడుకుంటున్నారు. గొంతులు లేవు. పెదాలు పెద్దగా, విడివిడిగా, పళ్ళు కనబడేలా కదులుతున్నాయి. ఒకామె ఏదో అంది, నాలుగు మగ్గాల అవతల ఇంకొకామె కడుపు పట్టుకుని నవ్వింది. 

కొత్తగా చేరిన అమ్మాయి ఒకతె, పెద్దామె ఒకావిడతో ఏదో చెప్పవలసి వచ్చి వెనక నుంచి పరుగెత్తుకొచ్చింది. పిలవలేదు. మగ్గం చుట్టూ తిరిగి, ఆవిడ ముందుకు వెళ్ళి నిలబడి, ఆవిడ కళ్ళెత్తేదాకా ఆగి, అప్పుడు పెదాలు కదిపింది.

కోడలి నడక ఆగిపోయింది.

ఇక్కడ వెనక నుంచి ఎవరూ ఎవరినీ పిలవరు. పిలిచినా లాభం లేదు.

పొయ్యి దగ్గర ఇటు తిరగని వీపు గుర్తొచ్చింది. గుమ్మంలోంచి వెళ్ళొస్తానంటే రాని జవాబు గుర్తొచ్చింది. మాట్లాడేటప్పుడు అత్తగారు పెదాలు అంతంత పెద్దగా కదుపుతుందని తామిద్దరూ మిల్లు మాట అని నవ్వుకోవడం, ఎవరొచ్చినా ముందుగా కనబడాలని ఆవిడ ఎప్పుడూ కిటికీ దగ్గరే కూర్చోవడం, అన్నీ ఒక్కొక్కటే వచ్చి వరసలో నిలబడ్డాయి. చివర్న ఒక జాలీ గేటు, దాని వెనక ఐదేళ్ళ పిల్లవాడు.

తాడు గుర్తొచ్చింది. తాడు ఊయలకు ఉంది. పిల్లకు కాదు.

ఆమె పరుగెత్తింది.

*

మెట్లు సగం ఎక్కగానే వినబడింది. పిల్ల ఏడుస్తోంది. ఎప్పుడు మొదలుపెట్టిందో, గొంతు అప్పుడే బొంగురుపోయింది. వసారాలోకి వచ్చేసరికి కిటికీ తలుపులు వేసి ఉన్నాయి. గాలి తగులుతుందని అత్తగారే వేసి ఉంటుంది. అద్దంలోంచి లోపలంతా కనబడుతోంది.

ఊయల కదలడం లేదు. పిల్ల దుప్పటిలో చుట్టుకుపోయి, కాళ్ళు ఆడక, ముఖం ఒక్కటే ఎర్రగా చేసుకుని ఏడుస్తోంది. తాడు వదులుగా వేలాడుతోంది. అత్తగారు ఇటు, కిటికీ వైపు తిరిగి కూర్చుని వీధిలోకి చూస్తోంది. కోడలు వచ్చే దారినే చూస్తోంది కాబోలు. ఎదురుగా ఆమె కనబడగానే ముఖం వెలిగింది. చటుక్కున వేలు పెదాల మీద పెట్టుకుంది. 

ఉష్, అంది. పిల్ల నిద్రపోతోంది.

కోడలు అద్దం మీద చేయి ఆనించి నిలబడింది. ఒక్క క్షణమే అయినా, ఆ క్షణంలో ఏ చప్పుడూ లేనట్టు, తను కూడా అత్తగారి వైపు చేరిపోయినట్టు అనిపించింది. అక్కడ పిల్ల నిజంగానే నిద్రపోతోంది. ఊయల మీద ఎండ ఉంది. ఇల్లు హాయిగా ఉంది.

ఆమె గొంతు ఎత్తలేదు. షెడ్డులో ఆడవాళ్ళలా, పెదాలు మాత్రం కదిపింది.

"ఏడుస్తోంది అత్తయ్యా."

అత్తగారి వేలు పెదాల మీదే ఆగిపోయింది. తర్వాత ఆవిడ మెల్లగా వెనక్కి తిరిగి చూసింది.

తలుపు తీసుకుని లోపలికి వచ్చేసరికి అత్తగారు పిల్లను ఎత్తుకుని, దుప్పటి విప్పి, తన చెంప దాని చెంపకు ఆనించి నిలబడి ఉంది. కోడలు పిల్లను తీసుకోలేదు. ఇద్దరినీ కలిపి నేల మీద కూర్చోబెట్టింది. అలా కూర్చున్నాక పిల్ల ఎక్కిళ్ళు ఒక్కొక్కటే దూరమవుతూ పోయాయి.

అప్పుడు అత్తగారు చెప్పడం మొదలుపెట్టింది. మిల్లులో చేరిన మొదటి ఏడే మొదలైందట. సన్నటి గొంతులు ముందు పోయాయి. పిట్టలు, పిల్లలు, ఆడవాళ్ళు. మగవాళ్ళ గొంతు ఇప్పటికీ గోడ అవతల బండి పోతున్నట్టు తెలుస్తుంది, మాట తెలియదు. మిల్లు డాక్టరు కాగితం రాసిస్తే దాన్ని చింపి నీళ్ళలో వేసింది. కాగితం చూపిస్తే మగ్గం తీసేస్తారు. మగ్గం మీద చెవులతో పనేముంది, కళ్ళుంటే చాలు. తర్వాత ఎవరూ అడగలేదు, తనూ చెప్పలేదు. ముఖం చూస్తే మాట దానంతటదే వచ్చేది. అందరూ నాడెమ్మ మాట వినదు, మొండిది అనుకున్నారు. చెవిటిదనిపించుకోవడం కంటే మొండిదనిపించుకోవడం తేలికంది.

"పిల్ల సంగతి ముందే చెప్పాల్సింది. చెబుదామనే అనుకున్నాను. రేపు, రేపు అనుకున్నాను. దాన్ని ఎత్తుకునే వంతు పోతుందని భయం వేసింది అమ్మాయ్."

కోడలికి ఉదయం తను అన్న మాట గుర్తొచ్చింది. ఆ మాట ఆవిడ వినలేదు. దాన్ని ఇప్పుడు వెనక్కి తీసుకోవాలంటే ముందు మళ్ళీ చెప్పాలి. చెప్పలేకపోయింది. అత్తగారి మోకాలి మీద చేయి వేసింది.

ఆవిడ పిల్ల గొంతు దగ్గర వేలు పెట్టి చూసింది. మిగిలిన ఎక్కిలి ఒకటి అక్కడ కదిలింది.

"ఎలా ఉంటుంది దీని గొంతు?"

కోడలు రోజుకు పదిసార్లు వినే గొంతు అది, ఎలా ఉంటుందని ఎప్పుడూ అనుకోలేదు. ఎలా చెప్పాలో తనకు వచ్చిన పద్ధతి ఒకటే.

"తెల్లనూలును మొదటిసారి పసుపులో ముంచి తీస్తే, నీళ్ళు కారేటప్పుడు ఒక రంగు ఉంటుంది చూడండి. ఆరితే ఉండదు. అలా ఉంటుంది. ఆకలేస్తే అందులో కాస్త ఎరుపు. నిద్రొస్తే ఎక్కడో బూడిదరంగు తగులుతుంది."

అత్తగారు కళ్ళు మూసుకుంది. మూసుకుంటే కోడలి మాట కనబడదు కాబట్టి, ఇక ఏమీ వద్దన్నట్టే. ఆ పసుపును చూస్తున్నట్టు చాలాసేపు అలాగే ఉంది. కిటికీలోంచి వచ్చే వెలుగు గోడ మీద ఒక జాన పైకి జరిగింది.

కళ్ళు తెరిచాక ఆవిడే అంది, పిల్లను నర్సమ్మకు ఇవ్వమని. తను చూడలేనంది. ఇవాళ దుప్పటి, రేపు ఇంకేదో. సరే, ఆయనకు చెబుదాం అంది కోడలు. అత్తగారు ఆమె మణికట్టు పట్టుకుంది. మగ్గం పట్టిన చేయి, ఇంకా గట్టిగానే ఉంది.

"వాడికి చెప్పకు. చెబితే చెవులు ఎప్పుడు పోయాయని అడుగుతాడు. వెనక్కి వెనక్కి లెక్కేసుకుంటూ పోతాడు. నాకోసం అమ్మ చెవులు పోగొట్టుకుందని బతికినన్నాళ్ళూ మోస్తాడు. వాడికి నా మీద కోపం ఉంది, నాకు తెలుసు. ఎందుకో తెలియదు గానీ చిన్నప్పటి నుంచీ ఉంది. కోపమే ఉండనీ. జాలి వద్దు. మాటియ్యి."

ఆ కోపం ఎందుకో కోడలికి తెలుసు. ఉదయమే తెలిసింది. ఇప్పుడే, ఇక్కడే చెప్పేయవచ్చు. మీరు తిరిగి చూడలేదట, ఆయన పిలిచేవారట అని. ముప్పై ఏళ్ళుగా కొడుకు గేటు దగ్గర నోరు మూసుకుని నిలబడ్డాడనే అనుకుంటున్న ఈ తల్లికి, వాడు అరిచాడని చెప్పడమెలా?

మాట ఇచ్చేసింది.

*

సాయంత్రం ఎండ ఇంకా పోకముందే అతను వచ్చాడు. వస్తూనే పిల్ల ముఖం చూశాడు. పాలు తాగి, ముఖం కడిగించుకుని, నాయనమ్మ ఒళ్ళో గుప్పిళ్ళు బిగించుకుని పడుకుంది పిల్ల. చూశావా అన్నట్టు భార్య వైపు తిరిగి కనుబొమలెగరేశాడు. ఆమె వారించడానికి చేయి ఎత్తేలోపే శుభవార్త చెప్పేశాడు. దారిలో బస్సు ఆపి నర్సమ్మతో మాట్లాడాడట. మా అమ్మే చూసుకుంటుంది, మీరు ఎదురుచూడకండి అన్నాడట. ఆవిడ సరేనందట. ఆ చోటు కోసం ఇంకో పిల్ల తల్లి ఒకతె తిరుగుతోందట, రేపు పొద్దున ఆమెతో ఖాయం చేసుకుంటుందట.

"మీరు నన్నొక మాట అడగలేదు," అంది కోడలు.

ఒక పూట చూసి చెప్పమన్నాను, చూశావు, పిల్ల బంగారంలా ఉంది, ఇంకేం అడగాలన్నాడు. తల్లి ఎదురుగా గొంతుక్కూర్చుని, మోకాళ్ళ మీద చేతులు ఆనించి, చిన్నపిల్లవాడిలా ఆవిడ ముఖంలోకి చూశాడు. అలా ఎదురుగా కూర్చుని ఆవిడతో మాట్లాడి ఎన్నాళ్ళయిందో.

"సోమవారం నుంచి ఇది నీదే అమ్మా."

అత్తగారు ఆ మాటను పూర్తిగా చూసింది. ఒళ్ళోని పిల్ల అరికాలును బొటనవేలితో నిమురుతున్నది ఆపింది. లేచి, పిల్లను కోడలి చేతుల్లో పెట్టింది. పెట్టాక కూడా ఆ చేతులు గాలిలో కాసేపు పిల్లను ఎత్తుకున్నట్టే ఉండి, తర్వాత దిగాయి.

"నేను చూడను," అంది.

అతనికి అర్థం కాలేదు. ఒంట్లో బాగాలేదా, ఎవరైనా ఏమైనా అన్నారా అని భార్య వైపు ఒక చూపు చూశాడు.

"ఎవరూ ఏమీ అనలేదు. నాకు ఇష్టం లేదు. ముప్పై ఏళ్ళు నిలబడి చాకిరీ చేశాను. ఇక ఎవరి ఉచ్చగుడ్డలూ ఉతకను. నర్సమ్మతో మళ్ళీ మాట్లాడు. పిల్లను అక్కడే వెయ్యండి."

ఆవిడ ప్రతి మాటనూ మిల్లు మాటలో లాగా పెద్దగా, విడివిడిగా అంది. అంత స్పష్టమైన అబద్ధాన్ని కోడలు ఎప్పుడూ వినలేదు. కాదని ఒక్క మాట అంటే చాలు. మధ్యాహ్నం మణికట్టు పట్టుకున్న చోట ఇంకా కాస్త నొప్పిగానే ఉంది.

అతను లేచి నిలబడ్డాడు. తల్లిని చూశాడు, చాలాసేపు. ఆవిడ చూపు దించలేదు. చివరికి అతనే తిరిగి కిటికీ దగ్గరికి వెళ్ళి, అటు వైపు ముఖం పెట్టి, చువ్వలు రెండు చేతులతో పట్టుకున్నాడు. వీధి మీద సాయంత్రం దూదిలా దిగుతోంది. అతను మాట్లాడినప్పుడు గొంతులో కోపం లేదు. అందుకే భయం వేసింది కోడలికి.

"నన్ను కూటి కోసం వదిలావనుకున్నాను ఇన్నేళ్ళూ," అన్నాడు కిటికీతో. "ఇష్టం లేక వదిలావన్నమాట."



అత్తగారికి కొడుకు వీపు కనబడుతోంది. ఆ భుజాలు ఒకసారి పైకి లేచి, దిగి, ఆగడం కనబడుతోంది. గోడ అవతల బండి పోయినట్టు ఏదో గొణుగుడు తెలిసి ఉంటుంది. అంతకుమించి తెలిసి ఉండదు. 

ఆవిడ కోడలి వైపు తిరిగింది. కొడుకు తిరిగి చూడకుండా, గొంతు పైకి రాకుండా, పెదాలు మాత్రం కదిపింది.

"ఏమన్నాడు?"

పిల్లను ఇంకో భుజానికి మార్చుకుని, కోడలు తలెత్తింది. అత్తగారి కళ్ళు వచ్చి తన పెదాల మీద ఆగాయి.